ఏడాదిలో పదకొండు నెలలు తాళం వేసి ఉండే కొండ ఇల్లు: లోపలి అలంకరణలో ఏది ఎంచుకోవాలి?

కొండ మీద విడిది ఇల్లు కట్టుకునే కుటుంబం ఆ ఇంట్లో ఏడాదికి ఎన్ని రోజులు ఉండబోతోందో ముందుగా లెక్కవేసుకోవడం మంచిది. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో వేసవిలో రెండు వారాలు, దసరాకు ఓ వారం, సంక్రాంతి తరువాత మరో ఐదారు రోజులు వెళ్లివచ్చేవారికి అన్నీ కలిపినా నెల రోజులు మించవు. మిగిలిన పదకొండు నెలలూ ఆ ఇల్లు తలుపులు బిగించి, పొయ్యి వెలిగించేవారూ నేల తుడిచేవారూ లేక, పొగమంచులో నిలబడి ఉంటుంది. ప్రకృతిని తలపించేలా ఇంటి లోపలిని తీర్చిదిద్దాలనుకునేవారు సాధారణంగా తాము గడపబోయే ఆ నెల రోజులను ఊహించుకుని చెక్కనూ రాయినీ బట్టనూ ఎంచుకుంటారు. నా అభిప్రాయంలో ఆ ఎంపికలన్నీ ఇల్లు మూసి ఉండే పదకొండు నెలలను బట్టి జరగాలి.

ఇక్కడ నేను నీలగిరులలోని కూనూరు, కోటగిరి పరిసరాలను ఉదాహరణగా తీసుకుంటున్నాను. కొండ అనగానే మనకు ముందుగా అరకు, లంబసింగి గుర్తుకు వస్తాయి కానీ అవి షెడ్యూల్డు ప్రాంతాలు. అందరూ 1/70 చట్టమని పిలిచే నిబంధన ప్రకారం అక్కడ గిరిజనేతరులు భూమి కొనడం చెల్లదు. హిమాచల్‌ప్రదేశ్‌లో 1972 నాటి భూసంస్కరణల చట్టం 118వ సెక్షను కారణంగా, ఆ రాష్ట్రంలో వ్యవసాయదారులు కానివారు ప్రభుత్వ అనుమతి లేకుండా భూమి కొనలేరు. అందువల్ల తెలుగు కుటుంబాలు హార్సిలీ హిల్స్, ఏర్కాడు, నీలగిరుల వైపు చూస్తుంటాయి. వీటిలో చలి, చెమ్మ రెండూ గట్టిగా ఉండేవి నీలగిరులే కనుక అక్కడ నిలిచే ఎంపిక తక్కిన చోట్లా నిలుస్తుంది.

కూనూరు సముద్రమట్టానికి సుమారు 1,850 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తు కిలోమీటరు పెరిగితే ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది కనుక, కింద మెట్టుపాళయంలో చెమటలు పడుతున్న వేళ పైన పది డిగ్రీలు తక్కువగా ఉంటుంది. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ ఈ కొండలను తడుపుతాయి. తూర్పు వాలున ఉన్న కూనూరు, కోటగిరులకు అక్టోబరు, నవంబరు నెలల వాన ఎక్కువ. వాన తగ్గిన తరువాత కూడా లోయలోంచి లేచే పొగమంచు కిటికీ సందుల గుండా ఇంట్లోకి వస్తూనే ఉంటుంది. గోడను ఆనుకుని ఉన్న గాలిలో తేమ 80 శాతం దాటి కొన్నాళ్లపాటు అలాగే నిలిస్తే బూజు మొదలవుతుంది. చెక్కలో తేమ 20 శాతం దాటితే దానిని కుళ్లబెట్టే శిలీంధ్రానికి దారి దొరుకుతుంది. ఒక వస్తువు అందంగా ఉందా అని అడిగే ముందు, మూడు నెలల తరువాత తాళం తీసినప్పుడు అది ఎలా ఉంటుందని, జనవరి తెల్లవారుజామున దాని మీద కాలు పెడితే ఎలా ఉంటుందని అడగాలి. ఈ రెండు ప్రశ్నలకూ చాలాసార్లు రెండు వేరు వేరు జవాబులు వస్తాయి, ఎంపికలోని కష్టమంతా అక్కడే ఉంది.

నేల

మనవారికి రాతినేల కొత్త కాదు. తాండూరు బండలు, బేతంచెర్ల బండలు, కడప నల్లబండలు పరిచిన ఇళ్లలోనే చాలామందిమి పెరిగాము. ఈ మూడూ సున్నపురాతి జాతికి చెందినవే. చెమ్మకు ఉబ్బవు, చెదలు పట్టవు, పాలిష్ పెట్టకుండా వదిలేస్తే కొండ దారిలోని రాతికి దగ్గరగా కనిపిస్తాయి. కాబట్టి మొదటి ప్రశ్నకు, అంటే మూసి ఉన్న ఇంటి ప్రశ్నకు, రాయి చక్కని జవాబు. రెండో ప్రశ్న దగ్గర అది తేలిపోతుంది. రాయి చెక్క కంటే ఎన్నో రెట్లు వేగంగా వేడిని లాగేసుకుంటుంది కనుక, గదిలో రెండూ ఒకే ఉష్ణోగ్రతలో ఉన్నా పాదానికి రాయి మంచులా, చెక్క గోరువెచ్చగా తోస్తాయి. హైదరాబాదులో మే నెలలో మనం మెచ్చుకునే ఆ గుణమే ఇక్కడ ఇంట్లో పెద్దవారిని ఉదయం మంచం దిగనివ్వదు.

చెక్కనేల దీనికి సరిగ్గా ఎదురు. కాలికి అంతకన్నా హాయి లేదు కానీ, గాలిలో తేమ మారినప్పుడల్లా పలక అడ్డంగా ఉబ్బుతూ ముడుచుకుంటూ ఉంటుంది. పొడవు దాదాపు మారదు, వెడల్పే మారుతుంది. అందుకే పలకలకూ గోడకూ మధ్య నాలుగు వైపులా పది నుంచి పన్నెండు మిల్లీమీటర్ల ఖాళీ వదిలి, దానిని గోడ అడుగున వేసే పట్టీతో కప్పుతారు. నాకు తెలిసిన ఒక ఇంట్లో ఆ ఖాళీ అందవికారంగా ఉందని యజమాని పట్టుబట్టి పలకలను గోడకు ఆనించి కొట్టించారు. వానాకాలం వెళ్లిన తరువాత తలుపు తీసేసరికి హాలు మధ్యలో నేల, కింద ఎవరో దాక్కున్నట్టు, జానెడు ఎత్తు లేచి ఉంది. వడ్రంగి పనితనంలో లోపమేమీ లేదు, ఉబ్బిన చెక్కకు పోవడానికి చోటు లేకపోయింది.

చెక్కలా కనిపించే లామినేట్ పలకలను దుకాణదారులు ఈ రెంటికీ మధ్యేమార్గంగా చూపిస్తారు. వాటి లోపల ఉండేది నొక్కిన చెక్కపీచు. అతుకుల గుండా ఒకసారి నీరు దిగితే అంచులు ఉబ్బిపోతాయి, ఆరిన తరువాత కూడా పూర్వపు రూపానికి రావు. నెలల తరబడి మూసి ఉంచే ఇంటికి నేను వీటిని సిఫారసు చేయను. అడ్డంగా, నిలువుగా పొరలు అతికించి పైన అసలు చెక్క పొర వేసిన ఇంజినీర్డ్ పలకలు వీటికంటే ఎంతో నయం, ఎందుకంటే ఒక పొర ఉబ్బును మరో పొర పట్టి ఉంచుతుంది.

ఎర్రగచ్చును మాత్రం చాలామంది మరిచిపోయారు. సిమెంటులో ఎర్ర ఇనుప ఆక్సైడు రంగు కలిపి నునుపుగా రుద్ది, మైనం పట్టించిన ఆ నేల తేయాకు తోటల పచ్చదనం పక్కన చూడముచ్చటగా ఉంటుంది, ఖర్చూ తక్కువే. చల్లదనంలో అది రాతికి తీసిపోదు. దానికి మరో చిక్కు మేస్త్రీ. చేయి తిరిగినవాడు కాకపోతే ఏడాది తిరగకుండా జుట్టంత సన్నని పగుళ్లు వస్తాయి. పని ఒప్పుకునే మేస్త్రీ ఐదేళ్ల కిందట వేసిన నేలను ఒక్కటైనా చూపించమని అడిగి, చూసిన తరువాతే మాట ఇవ్వండి.

వీటన్నిటినీ తూచి చూస్తే, హాలు, వరండా, వంటగది, స్నానాలగది రాతితోనో ఎర్రగచ్చుతోనో ఉంచి, పడకగదికి మాత్రమే చెక్క వేయడం నాకు సరైన ఎంపికగా తోస్తుంది. హాలులో కూర్చునే చోట ఉన్ని జంపఖానా పరిస్తే రాతి చలి చాలావరకు తీరుతుంది. ఏది వేసినా, వాలు మీద కట్టిన ఇంట్లో మట్టిలోని చెమ్మ కిందినుంచి పైకి ఎగబాకుతుంది కనుక నేల అడుగున మందపాటి పాలిథిన్ పొర తప్పనిసరి. స్నానాలగదిలో నునుపు రాయి వద్దు, గరుకుగా చెక్కినదే వేయించండి.

గోడలు

ప్రకృతి పేరిట గోడలకు జరిగే అలంకరణలో ఎక్కువగా కనిపించేవి మూడు: సిమెంటు పూత మీద ఆకుపచ్చ లేదా మట్టిరంగు ఎమల్షన్, చెక్క పలకల తొడుగు, ఆకుల బొమ్మలున్న వాల్‌పేపర్. మూడోదాని గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. జిగురు, కాగితం, చెమ్మ ఒకచోట చేరితే బూజుకు విందు పెట్టినట్టే.

ఎమల్షన్‌తో వచ్చే ఇబ్బంది వేరు. ఆ రంగు గోడ మీద సన్నని ప్లాస్టిక్ పొరలా పరుచుకుంటుంది. వానకు బయటినుంచి గోడలోకి చేరిన తడి లోపలికి ఆరిపోదామంటే ఆ పొర అడ్డం పడుతుంది, దాని వెనకే తడి పేరుకుని, చివరికి రంగు బుడగలుగా లేచి పొలుసులుగా రాలుతుంది. తరచూ తుడిచి, ఏటా రంగు వేయించే పట్నపు ఇంట్లో అది పెద్ద లోపంగా కనిపించదు. మూసి ఉన్న ఇంట్లో దానిని గమనించేవారు ఎవరూ ఉండరు.

నా మొగ్గు సున్నానికే. సున్నపు పూత గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ నెమ్మదిగా గట్టిపడుతుంది. తేమను తీసుకోవడమే కాక తిరిగి వదులుతుంది కూడా. దాని క్షారగుణం వల్ల దాని మీద బూజు త్వరగా నిలదొక్కుకోలేదు. దక్షిణాదిలో మన పాత మేస్త్రీలు కరక్కాయ నానబెట్టిన నీరు, బెల్లం కలిపి ఈ పూతను గట్టిపరిచేవారు. చెట్టినాడు ఇళ్ల నిగనిగలాడే గోడల్లో కోడిగుడ్డు తెల్లసొన కూడా కలిసేది. ప్రతిఫలంగా సున్నం మూడింటిని కోరుతుంది: ఓపిక, పని తెలిసిన చేయి, ఎండకాలంలో పని పూర్తిచేసే ప్రణాళిక. చెన్నై, కోయంబత్తూరుల నుంచి మనుషులను రప్పించుకుంటే కూలి సిమెంటు పనికంటే స్పష్టంగా ఎక్కువవుతుంది. ఇల్లు ఇప్పటికే సిమెంటు పూతతో కట్టి ఉంటే అంతా గోకించనవసరం లేదు, సిలికేట్ జాతి ఖనిజపు రంగులు సిమెంటుతో రసాయనికంగా అతుక్కుని గోడను ఊపిరాడనిస్తాయి. అయితే పాత ఎమల్షన్ మీద సున్నం గానీ సిలికేట్ గానీ నిలవదు, దానిని గీకి తీయించడం తప్పదు.

చెక్క తొడుగు గోడకు వెచ్చదనం ఇస్తుందన్న మాట నిజమే. దానిని ఇష్టపడేవారు మొత్తం గదిని కాకుండా మంచం తలవైపు ఉన్న ఒక్క గోడనే, అదీ బయటి వాన తగలని లోపలి గోడనే ఎంచుకోవాలి. పలకకూ గోడకూ మధ్య వేలెడు ఖాళీ, ఆ ఖాళీకి కిందా పైనా గాలి ఆడే సందులు ఉంటే వెనక ఏం జరుగుతోందో అని భయపడవలసిన పని ఉండదు.

ఏ చెక్క, ఏ పూత

స్థానికమైన చెక్కనే వాడాలన్న పట్టుదల మెచ్చుకోదగినదే. నీలగిరులలో ఆ మాటకు ఒక చిత్రమైన మెలిక ఉంది. అక్కడ చవకగా దొరికే రెండు చెక్కలూ, తేయాకు తోటల్లో నీడకోసం పెంచే సిల్వర్ ఓక్, మనం నీలగిరి చెట్టు అనే పేరే పెట్టేసుకున్న యూకలిప్టస్, ఆస్ట్రేలియా నుంచి వచ్చినవి. అసలైన స్థానిక వృక్షాలు షోలాలని పిలిచే అక్కడి సహజమైన అడవుల్లో ఉన్నాయి, వాటి జోలికి ఎవరూ వెళ్లకూడదు, వెళ్లనివ్వరు కూడా. సొంత తోటలోని చెట్టును కొట్టాలన్నా తమిళనాడులో 1955 నాటి కొండప్రాంత వృక్ష సంరక్షణ చట్టం కింద అనుమతి కావాలి.

ఈ రెంటిలో సిల్వర్ ఓక్ గోడ తొడుగుకు, అరల తలుపులకు బాగుంటుంది. దాని చారలు చేప పొలుసుల్లా మెరుస్తాయి, బరువు తక్కువ, కోతకు సులువు. కానీ అది చెదలను తట్టుకోదు కనుక నేలకు ఆనే చోటా, గడపలకూ, కిటికీ చట్రాలకూ పనికిరాదు. యూకలిప్టస్ గట్టిదే అయినా ఆరేటప్పుడు మెలి తిరుగుతుంది, చీలుతుంది. పొయ్యిలోకి మాత్రం భేషుగ్గా ఉంటుంది. టేకు ఖరీదు ఎక్కువ. అయినా తలుపులు, కిటికీలు, బయటి గాలి తగిలే ప్రతి చట్రం విషయంలో నేను టేకు దగ్గర రాజీపడను. పాత ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చే టేకు దూలాలు, వాసాలు కొనగలిగితే అది అన్నిటికంటే మేలైన బేరం. దశాబ్దాలపాటు ఆరిన చెక్క కనుక ఇక వంకరపోవడానికి అందులో పెద్దగా ఏమీ మిగిలి ఉండదు. మేకులు పీకించడానికి, మళ్లీ కోయించడానికి అయ్యే కూలిని ధరలో కలుపుకోవడం మరవకండి.

ప్లైవుడ్ కొనేటప్పుడు మాటలను నమ్మకుండా పలక మీది ముద్రను చూడండి. భారతీయ ప్రమాణమైన ఐఎస్ 303 కింద వచ్చే ఎంఆర్ రకం పొడి ప్రదేశాలకు ఉద్దేశించినది. చెమ్మ చోట ఐఎస్ 710 ముద్ర ఉన్న రకమే తీసుకోవాలి. నొక్కిన చెక్కపీచుతో చేసే ఎండీఎఫ్‌ను వంటగది అరలకు వాడమని సలహా ఇచ్చేవారు ఆ ఇంట్లో ఒక నవంబరు గడిపి ఉండరు.

పూత విషయంలో పాలియురెథేన్‌కూ నూనెకూ మధ్య వాదన ఎప్పుడూ ఉన్నదే. పాలియురెథేన్ గట్టి పొర, గీతలను తట్టుకుంటుంది. కానీ ఒకచోట పగిలితే నీరు దాని కిందికి చేరి నల్లని మచ్చ వేస్తుంది, బాగుచేయాలంటే మొత్తం గీకాలి. అవిసె నూనె చెక్కలోకి ఇంకుతుంది, ఏడాదికోసారి మళ్లీ పట్టించాలి, కానీ ఆ పని ఇంటివారే ఒక పూటలో చేసుకోగలరు. నేలకు పాలియురెథేన్, బల్లలకూ తలుపులకూ నూనె అన్నది నేను అనుసరించే విభజన. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ముద్దచేసి మూల పడేయకూడదు, ఆరే క్రమంలో అవి తమంతట తామే వేడెక్కి అంటుకోగలవు. నీటిలో ముంచి, బయట పరిచి ఆరబెట్టండి.

కిటికీలు

గోడ మొత్తం అద్దమైతే లోయ అంతా ఇంట్లోకి వస్తుందన్న ఆశ ఈ ఇళ్ల రూపకల్పనలో అన్నిటికంటే బలమైనది. ఆ ఆశ ఎంత ఖరీదైనదో రాత్రి తెలుస్తుంది. ఒకే పొర అద్దం గుండా పోయే వేడి, మధ్యలో గాలి బంధించిన రెండు పొరల అద్దం గుండా పోయే దానికి ఇంచుమించు రెట్టింపు. అంతేకాక, లోపలి వెచ్చని గాలిలోని ఆవిరి చల్లని అద్దం మీద నీరై జారి, అడుగున ఉన్న చెక్క చట్రాన్ని ప్రతి ఉదయం తడుపుతుంది. పొగమంచు కమ్మిన రోజుల్లో ఆ పెద్ద అద్దం వెనక కనిపించేది తెల్లదనం తప్ప మరేమీ కాదు. బూడిదరంగు గోడకు అంత డబ్బు పెట్టామా అని నిట్టూర్చిన యజమానులను నేను చూశాను.

పాత నీలగిరి బంగళాల పద్ధతి నాకు ఎక్కువ నచ్చుతుంది: మామూలు కొలతల కిటికీలు, ఒకచోట మాత్రం గోడలోంచి బయటికి పొడుచుకువచ్చి మూడు వైపులా అద్దాలున్న చిన్న అర, దానిలో కూర్చోవడానికి బల్ల. పుస్తకం పట్టుకుని కూర్చునే ఆ ఒక్క చోటుకు రెండు పొరల అద్దం పెట్టించి, తక్కిన కిటికీలకు ఒక పొర అద్దం, లోపల చెక్క రెక్కలు, మందపాటి తెరలు ఉంచితే ఖర్చు సగానికి దిగుతుంది. ఏ దిక్కున పెట్టాలన్న ప్రశ్నకు సూర్యుడే జవాబు చెబుతాడు. డిసెంబరు మధ్యాహ్నం ఎండ దక్షిణం వైపు వాలి వస్తుంది కనుక, చలికాలపు వెచ్చదనం కావలసిన హాలుకు తూర్పు, దక్షిణ కిటికీలు పనికొస్తాయి. వాస్తు ప్రకారం ఈశాన్యం తెరిచి ఉంచాలనుకునేవారికి అభ్యంతరం లేదు, అయితే లోయ ఏ వైపు ఉంటుందో నిర్ణయించేది కొండే.

వెచ్చదనం

నిప్పు కనిపించే పొయ్యి లేకుండా కొండ ఇల్లు ఏమిటి అని అందరూ అడుగుతారు. గోడలో తెరిచి ఉండే పొయ్యి కళ్లకు పండుగే కానీ, కట్టెలోని వేడిలో పది, పదిహేను శాతానికి మించి గదికి దక్కదు, మిగిలినది పొగగొట్టం దారి పడుతుంది, పోతూ పోతూ గదిలోని వెచ్చని గాలిని కూడా లాక్కుపోతుంది. అద్దపు తలుపున్న పోత ఇనుము పొయ్యి అదే కట్టెతో 60 నుంచి 80 శాతం వరకు వేడిని గదికి ఇస్తుంది, నిప్పు కనిపించే ఆనందమూ పోదు. రెంటి మధ్య ధర తేడా ఎక్కువే అయినా, నిజంగా చలి కాచుకోవడానికే అయితే ఇనుప పొయ్యినే ఎంచుకోవాలి. కట్టె ఏడాదైనా ఆరినది కావాలి, లేకపోతే గొట్టంలో తారులాంటి మసి పేరుకుని ఒకనాడు అదే అంటుకుంటుంది. ఇల్లు మూసి ఉన్నప్పుడు పక్షులు గూడు కట్టకుండా గొట్టం చివర జాలీ బిగించాలి, వచ్చిన మొదటి రోజు వెలిగించే ముందు గొట్టం తెరిచి ఉందో లేదో చూసుకోవాలి.

ఏడాదికి పది రాత్రులు మాత్రమే చలి కాచుకునేవారికి నూనె నింపిన విద్యుత్ హీటరు చాలు. రెండు కిలోవాట్ల హీటరు పూర్తి సామర్థ్యంతో నడిస్తే గంటకు రెండు యూనిట్లు కాలుస్తుంది. దానికి పదహారు ఆంపియర్ల సాకెట్టు ముందుగానే పెట్టించాలి. వానల్లో కరెంటు పోతుందన్న భయం ఉంటే ఇనుప పొయ్యి, హీటరు రెండూ ఉండటం మంచిది. ఒక్క విషయంలో మాత్రం ఎంపిక లేదు: బొగ్గుల కుంపటిని తలుపులు మూసిన పడకగదిలో ఎట్టి పరిస్థితుల్లోనూ ఉంచకూడదు. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

కుర్చీలు, బట్టలు, అలంకరణ

తోలు సోఫా వద్దు. మూడు నెలల తరువాత అది పచ్చని నూగుతో కప్పబడి ఉంటుంది. పేము కుర్చీ తేలిక, గాలి ఆడుతుంది, కానీ చెమ్మకు దాని అల్లికలో నల్లని చుక్కలు వస్తాయి. లాంటానాతో చేసిన సామాను గురించి తెలిసినవారు తక్కువ. దక్షిణ అమెరికా వైపు నుంచి వచ్చి మన అడవులను ఆక్రమించిన ఆ ముళ్లపొద కాండాలను ఉడకబెట్టి, బెరడు తీసి, వంచి కుర్చీలుగా చేసే కళను కర్ణాటకలోని మలె మహదేశ్వర కొండల సోలిగ గిరిజనులు నేర్చుకున్నారు. అడవికి భారమైన మొక్కే ఇంటికి వస్తువుగా వస్తుంది కనుక, ప్రకృతి ప్రేరణ అన్న మాటకు ఇంతకంటే సరిపోయే వస్తువు నాకు తెలియదు. అయితే దాని రూపం మొరటు. నాజూకు కోరేవారికి నచ్చదు, గంటల తరబడి కూర్చోవడానికి మెత్త వేసుకోవాలి.

కప్పుకోవడానికి, పరుచుకోవడానికి సింథటిక్ రగ్గులు చవక, బూజుకు అంతగా లొంగవు. అయినా నా ఓటు గొంగడికి. తెలంగాణ కురుమలు, రాయలసీమ కురుబలు దక్కనీ గొర్రెల ఉన్నితో నేసి, చింతగింజల గంజి పట్టించే గొంగడి, వానలో గొర్రెల కాపరిని కాపాడటానికే పుట్టిన వస్తువు. నల్లని, గోధుమరంగు గీతలతో అది రాతినేల మీద పరిచినా, గోడకు వేలాడదీసినా కొండకు చక్కగా అమరుతుంది. ఒంటికి గరుకు కనుక దుప్పటిగా వాడేవారు లోపల నూలు దుప్పటి కలుపుకోవాలి. ఉన్నిని పురుగు కొడుతుంది, మూసే ముందు ఎండబెట్టి, ఎండిన వేపాకు మధ్య మడతపెట్టి డబ్బాలో ఉంచాలి. మెత్తల మీద కొంచెం రంగు కావాలనుకుంటే, 2013లో భౌగోళిక గుర్తింపు పొందిన, నీలగిరుల తోడా గిరిజనుల కుట్టుపని ఉంది: తెల్లని ముతక నూలుగుడ్డ మీద ఎర్ర, నల్ల దారాలు. ఆ కొండల వస్తువు ఆ కొండల ఇంట్లో ఉండటం సబబు. మన సవర చిత్రాలను కూడా కొందరు తెచ్చి పెడుతున్నారు. అవి మూలంలో దేవతల కోసం గోడ మీద వేసేవని గుర్తుంచుకుని, వాటిని హాలులోనో భోజనాల గదిలోనో గౌరవంగా ఉంచితే బాగుంటుంది, స్నానాలగది గోడకు నకలు వేయించడం నాకు రుచించదు.

వంటగదిలో తెరిచిన అరలా, మూసిన అరలా అన్న ప్రశ్నకు ఈ కొండల్లో జంతువులు జవాబు చెబుతాయి. కూనూరు, కోటగిరి పరిసరాలలో ఎలుగుబంట్లు నూనె, బెల్లం వాసన పట్టి తలుపులు విరగ్గొట్టి లోపలికి రావడం అక్కడివారికి కొత్త కాదు, కోతులు, ఎలుకల సంగతి సరేసరి. అందుకే అద్దపు తలుపు వంటగదికి వద్దు, తినే వస్తువేదీ ఇంట్లో వదిలి తాళం వేయవద్దు. గిన్నెలకు తెరిచిన అరలే మంచివి, గాలి ఆడుతుంది. బట్టల బీరువాలకు సన్నని అడ్డపట్టీల తలుపులు పెట్టించి, బీరువాను గోడకు రెండంగుళాలు ఎడంగా ఉంచండి. పొయ్యి గట్టుకు సున్నపురాయి కంటే గ్రానైటు మేలు, మన వంటలోని చింతపండు పులుసు, నిమ్మరసం కడప బండ మీద పడి కాసేపు నిలిస్తే ఆ మచ్చ ఇక పోదు.

ఇల్లు ఎవరు తెరుస్తారు?

ఇంతవరకు చెప్పినదంతా పదకొండు నెలలు నిజంగా మూసి ఉండే ఇంటికి వర్తిస్తుంది. దగ్గరలో నమ్మకమైన మనిషి వారానికి ఒక పూట వచ్చి కిటికీలు తెరిచి, పొయ్యి వెలిగించి, పరుపులను ఎండకు చూపించగలిగితే లెక్క మారిపోతుంది. అప్పుడు హాలుకు కూడా చెక్కనేల వేసుకోవచ్చు, పుస్తకాల అర పెట్టుకోవచ్చు, బూరుగుదూది పరుపు వాడుకోవచ్చు. ఆ మనిషికి ఏడాదికి ఇచ్చే జీతాన్ని, మీరు మానుకోబోతున్న వస్తువుల ధరతో పోల్చి చూసిన తరువాతే నేల, గోడల నిర్ణయానికి రావడం మంచిది. ఇంటిని హోమ్‌స్టేగా అద్దెకు ఇవ్వదలిచినవారికి మరో లెక్క. రోజూ మనుషులు ఉంటారు కనుక చెమ్మ బాధ తగ్గుతుంది, కానీ నూనె పూసిన బల్ల మీద వేడి కాఫీ కప్పులు, గొంగడి మీద బురద చెప్పులు వస్తాయి. వారు బల్లలకు కూడా పాలియురెథేన్ పూతను, కూర్చునే చోట ఉతకగలిగే నూలు జంపఖానాలను, తెరిచిన పొయ్యికి బదులు హీటరును ఎంచుకోవాలి.

ఎవరూ రాలేని ఇల్లయితే, తిరుగు ప్రయాణం నాటి ఉదయానికి ఒక గంట అదనంగా కేటాయించుకోండి. పరుపులను మంచం మీద నిలువుగా ఆనించి, బీరువాల, అరల తలుపులన్నీ బార్లా తెరిచి, తెరలను కిటికీకి తగలకుండా ముడివేసి, ఎత్తున ఉన్న జాలీ వెంటిలేటర్లను తెరిచి ఉంచి, పొయ్యి గొట్టం మూత వేసి, ఆ తరువాత తాళం వేయండి.